ప్రార్థనలో ఉన్న కారు షెడ్డు

ఆగస్టు 21, 1960. ఆదివారం

నిన్నటి గాలికి కారు పందిరి కూలిపోయింది. పన్నెండేళ్ల కిందటి గుంజలు, కూలక ఏం చేస్తాయి. కారుకు నాలుగు గీతలు పడ్డాయి, అంతే.

ఈ ఉదయం గుడి నుంచి వస్తూ ముత్యాలయ్య గారు మా గేటు దగ్గర ఆగారు. పక్కింటాయన, మిషను కాంపౌండు కమిటీ మెంబరు, ఒకప్పటి డ్రిల్లు మాస్టారు. రిటైరై ఆరేళ్లయినా లోకాన్నంతా వరసలో నిలబెట్టాలన్న ఆశ చావలేదు.

"పొయ్యిందా పందిరి? మంచిదే అయింది నర్సమ్మా. ఆ కారు అమ్మేయండి. ఆడమనిషి స్టీరింగు పట్టుకోని బజార్లో పోతా ఉంటే చూసేదానికే బాగలేదు" అన్నాడు.

"మీ మూడో మనవడు కడుపులో అడ్డం తిరిగినప్పుడు మీ కోడలిని నెల్లూరు తీసుకుపోయింది ఆ స్టీరింగే కదా. అప్పుడు బాగానే ఉన్నట్టుందే" అన్నాను.

ఆకాశం వంక చూసి, వాన వచ్చేట్టుందని చెప్పి వెళ్లిపోయాడు. చుక్క మబ్బు లేదు.

డాక్టరు దొరసాని తన దేశం వెళ్లిపోతూ కారు తాళాలు కమిటీ చేతిలో పెట్టలేదు, నర్సునైన నా చేతిలో పెట్టింది. సూళ్లూరుపేట మిషను కాంపౌండులో మగాళ్లకు ఆ సంగతి నాలుగేళ్లుగా అరగడం లేదు. నాకు మాత్రం రోజూ ఆకలి బాగా వేస్తోంది.

ఆగస్టు 24

మెకానిక్కు అమీర్ బాషా వచ్చి కారు చూశాడు. ఈ ఊళ్లో తన పని తనకు తెలిసిన మగాడు ఇతనొక్కడే. అందుకని ఇతన్ని తిట్టడానికి నాకు ఎప్పుడూ అవకాశం దొరకదు.

"అమ్మా, కార్తీకం వానలు పడేలోగా కప్పు యెయ్యాల. యెయ్యకపోతే తడికి వైర్లు చెడిపోతాయి, స్టార్టు కాదు. ఉప్పుగాలి సంగతి సరేసరి. అందాకా మా షెడ్డులో పెట్టండి. బజారే గదా, మైలు దూరం."

వద్దన్నాను. కాన్పుకు పిలుపు వస్తే మైలు నడిచి వెళ్లి కారు తెచ్చుకోవడమా? అదీ కాక, ఒకరి నీడన నిలబడటం నాకు అలవాటు లేదు.

ఆగస్టు 26

దరఖాస్తు రాశాను. పోయిన ఏడాది అగ్నిప్రమాదం తర్వాత కాంపౌండులో తాటాకు వేయకూడదు. రేకులు వేద్దామంటే అది పక్కా కట్టడం కిందికి వస్తుంది, దానికి కమిటీ అనుమతి కావాలి. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

దరఖాస్తు ఇవ్వాల్సింది కమిటీ సెక్రటరీ తిమోతికి. స్కూల్లో గుమాస్తా. నోట్లో నాలుక లేని మనిషి. నా కాగితం మూడుసార్లు చదివి, "స్తంబాలు నాలుగని రాసినారు, ఎత్తు రాయలేదమ్మా" అన్నాడు. పర్వతం మీది నుంచి ధర్మశాస్త్రం తెచ్చినంత గంభీరంగా అన్నాడు.

"నువ్వే కొలుచుకో నాయనా" అన్నాను.

సాయంత్రం నిజంగానే టేపు పట్టుకొని వచ్చాడు! కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకున్నాడు. ముత్యాలయ్య గారి గోడకు ఎంత దూరమో అదీ కొలిచాడు. వెళ్లేముందు ఏదో అడగబోయినట్టు నిలబడి, అడగకుండానే వెళ్లాడు. ఆ మనిషి వెన్నులో ఎముక ఉందో లేదో ఎవరైనా చేత్తో తడిమి చూడాలి.

సెప్టెంబరు 3

తిమోతి భార్య కరుణాకుమారిని చూశాను. ఆరో నెల. కటి ఇరుకు. మొదటి రెండు కాన్పులూ ఇంట్లోనే చేయించారు. పిల్లలు ఇద్దరూ దక్కలేదు. అప్పుడు నన్ను పిలిచింది అంతా అయిపోయాక. ఈసారి అడ్డుపడే ముసలి అత్త లేదు కాబట్టి ఆ పిల్ల నా మాట వింటోంది.

"నొప్పులు మొదలైతే ఒక్క గంట కూడా ఇంట్లో ఉండకూడదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి తీయాలి. కారులో నేనే తీసుకుపోతా" అన్నాను.

"వారం ముందే పొయ్యి ఉండేదానికి ఆడ మాకెవురూ లేరక్కా. నొప్పులు రాకుండా వార్డులో చేర్చుకోరంట గదా."

"చేర్చుకోరు. అందుకే కారు."

డిసెంబరు మొదటి వారం. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

సెప్టెంబరు 11. ఆదివారం

కమిటీ కూర్చుంది. ముందు పాట, తర్వాత ప్రార్థన, తర్వాత టీ, తర్వాత ఇంకో ప్రార్థన. నా కాగితం దగ్గరకు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది.

ప్రెసిడెంటు యెహోషువ గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు పచ్చజెండా ఊపి ఊపి విసిగిపోయారు కాబోలు, ఇక్కడ ఊపేది అంతా ఎర్రజెండానే.

"ప్రార్థనలో ఉంచుదాం నర్సమ్మా" అన్నారు.

"ఎన్నాళ్లు?"

"ఆయన చిత్తం తెలిసిందాకా."

మా కాంపౌండులో ప్రార్థనలో ఉంచడమంటే బీరువాలో పెట్టి తాళం వేయడం. బావి గిలక పోయిన ఏడు నుంచి ప్రార్థనలో ఉంది. దేవుడికి గిలకల మీద, రేకుల మీద ఇంత ఆలోచన ఉందని ఈ కమిటీ చూసేదాకా నాకు తెలియదు.

అక్టోబరు 2

మళ్లీ కూర్చున్నారు. ముత్యాలయ్య గారి అభ్యంతరం: రేకుల షెడ్డు వేస్తే వాళ్లింటికి సముద్రపు గాలి రాదు. రెండో అభ్యంతరం: వాన పడితే రేకుల మోతకు వాళ్ల కుటుంబ ప్రార్థన చెడిపోతుంది. ఆయన గురకకు మా ఇంట్లో నా ప్రార్థన ఎన్నిసార్లు చెడిందో నేను ఎప్పుడైనా దరఖాస్తు పెట్టానా?

తిమోతి లేచి ఏదో కాగితం చదివాడు. గోడకు పదకొండు అడుగుల ఎడం ఉందట, షెడ్డు ఎత్తు ఆయన కిటికీ కంటే తక్కువట. ఎవరికి వినపడింది? ముందు వరసలో ఉన్న నాకే సగం వినపడలేదు. గట్టిగా చదవడం కూడా రాని మనిషిని సెక్రటరీ చేశారు. కమిటీకి తగ్గ సెక్రటరీ.

మళ్లీ ప్రార్థనలో ఉంచారు.

అక్టోబరు 17

మొదటి వాన. కారు మీద టార్పాలిన్ కప్పి తాళ్లు కట్టాను. ఉదయం మూడోసారికి స్టార్టయింది.

అక్టోబరు 18

రెండోసారికి. బాషా ఊరికే భయపెడతాడు.

అక్టోబరు 30. ఆదివారం

ఈ రోజు నేను అడిగేశాను. "అయ్యా, ఔనని చెప్పండి, లేదా కాదని చెప్పండి. మధ్యలో దేవుణ్ణి అడ్డం పెట్టుకోకండి" అన్నాను. యెహోషువ గారు, ముత్యాలయ్య గారు వద్దన్నారు. తిమోతి, ఎప్పుడూ కునుకు తీసే ఆ నాలుగో మెంబరు ఇవ్వవచ్చు అన్నట్టు తలలు ఊపారట. ఊపారో, తూగారో. అందుకని అటో ఇటో తేలలేదట.

అందుకు యెహోషువ గారికి గొప్ప ఆలోచన వచ్చింది. చీట్లు వేస్తారు! అపొస్తలుల కాలంలో వేసేవారు కదా అన్నారు. అపొస్తలులు మనిషిని ఎన్నుకోవడానికి వేశారు గానీ జింకు రేకుల కోసం వేయలేదు అన్నాను. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘం ముందు రెండు చీటీలు కానుకల సంచిలో వేసి పేరమ్మ చేత తీయిస్తారు. పేరమ్మ కాంపౌండులో అందరికంటే పెద్దది, కళ్లు కనపడవు. కళ్లు కనపడనివాళ్లకు పక్షపాతం ఉండదట. చీటీలు రాసేది తిమోతి.

నవంబరు 4

సంగతి తెలిసిపోయింది. ఈ సాయంత్రం తిమోతి ముత్యాలయ్య గారి వరండాలో చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల వంచుకున్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఇప్పుడా ముత్యాలయ్య గారితో రాసుకు పూసుకు తిరగడం?

రెండు చీటీల మీదా 'ఇవ్వరాదు' అని రాయిస్తారు. పేరమ్మ ఏది తీసినా ఒకటే. పైగా దేవుడి తీర్పు అంటారు, నోరెత్తడానికి ఉండదు. మోసం చేయడానికి కూడా తెలివి కావాలి. వీళ్లకు ఉన్నది ఇంతే.

తిమోతి చీకటి పడ్డాక మా గేటు దగ్గరకు వచ్చాడు. "అమ్మా, ఆదివారం…" అన్నాడు.

"ఆదివారం సంగతి ఆదివారం చూద్దాం. వెళ్లి పడుకో" అన్నాను. వెళ్లిపోయాడు.

నవంబరు 6. ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆరాధన అయింది. ఎవరూ ఇళ్లకు పోలేదు. యెహోషువ గారు ప్రార్థన చేశారు. తిమోతి మడతపెట్టిన రెండు చీటీలు అందరికీ పైకెత్తి చూపించి సంచిలో వేశాడు. పేరమ్మను తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసి గుప్పిట్లో పట్టుకుంది. యెహోషువ గారు చెయ్యి చాచారు.

నేను లేచాను. "ఆగండి. ముందు సంచిలో మిగిలిన చీటీ చూద్దాం" అన్నాను.

"నర్సమ్మా, ఇది దేవుని సన్నిధి."

"దేవుడికి భయమేమీ ఉండదు. ఉంటే మనుషులకే ఉండాలి."

సంచి పట్టుకున్నాను. తిమోతి ముందుకొచ్చాడు. "అమ్మా, వొద్దమ్మా!" అన్నాడు. అతని గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ మాటతో నాకు నమ్మకం పూర్తిగా కుదిరింది. చీటీ తీసి విప్పాను. అందరికీ వినపడేట్టు చదవాలని గొంతు కూడా సవరించుకున్నాను.

'ఇవ్వవచ్చును' అని ఉంది.

ముఖం మీద ఎవరో వేడినీళ్లు పోసినట్టయింది. అంటే పేరమ్మ తీసింది 'ఇవ్వరాదు' అన్న చీటీ. ముత్యాలయ్య గారు పక్కున నవ్వారు. "చూసినారా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. దేవుడి తీర్పును గూడా సోదా చెయ్యబొయినారు" అన్నారు.

యెహోషువ గారు పేరమ్మ గుప్పిట్లోది తీసుకొని విప్పారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. పైకి చదవలేదు. ముత్యాలయ్య గారు లాక్కొని చదివారు.

'ఇవ్వవచ్చును.'

ఒకే చేతిరాత. పేరమ్మ, "ఏందబ్బా, ఏమొచ్చిందో ఎవురూ చెప్పరేం?" అంటోంది.

నవంబరు 7

నేను చేసిన తప్పేమిటి? మోసం ఉందన్నాను, మోసమే ఉంది. అది నాకు మేలు చేసే మోసమని నాకెలా తెలుస్తుంది?

నవంబరు 8

నేను చేసిన తప్పేమీ లేదు.

నవంబరు 13. ఆదివారం

తిమోతి సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాడు. ఎందుకు చేశావని అడిగితే, "తప్పే అయ్యా" అన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. సెక్రటరీ పదవి తీసేశారు. ఆరు నెలలు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు, వెనక బల్ల మీద కూర్చోవాలి. ఆ బల్ల మీద ఇప్పటిదాకా కూర్చున్నవాళ్లు తాగుబోతులు, రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు. నా దరఖాస్తు శాశ్వతంగా తోసివేయబడింది.

కరుణాకుమారి నిండు కడుపుతో అతని పక్కనే వెనక బల్ల మీద కూర్చుంది. ఆమెకు శిక్ష ఏమీ వేయలేదు. అయినా కూర్చుంది.

ముత్యాలయ్య గారు గుడి మెట్ల మీద నాకు చేయి కలిపి, "మీరు పట్టుకోబట్టి గానీ, లేకుంటే సంఘమంతా మోసపొయ్యేది" అన్నారు. నా జీవితంలో ఆ మనిషి నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాను.

నవంబరు 15

బాషా మళ్లీ అడిగాడు. "ఈ నెలన్నా మా షెడ్డులో పెట్టండమ్మా. ఆ గుమాస్తాగారి భార్యకు నెలలు దగ్గర పడినాయంట గదా."

ఇప్పుడు బజారుకు తోలుకుపోతే ఓడిపోయినట్టు కాదా? ముత్యాలయ్య గారు గేటు దగ్గర నిలబడి చూస్తారు. ఆ ముఖం చూడటం నా వల్ల కాదు. వచ్చే వారం చూద్దామన్నాను.

నవంబరు 20

ఐదు రోజులుగా వాన. ఆరోసారికి స్టార్టయింది.

నవంబరు 24

పదోసారికి. హాండిలు తిప్పి తిప్పి భుజం పోయింది. అయినా స్టార్టయింది కదా.

నవంబరు 28

టార్పాలిన్ చినిగింది. కుట్టాను. స్టార్టయింది. ఎన్నోసారికో లెక్కపెట్టలేదు.

డిసెంబరు 1

బాషా వచ్చాడు. వైర్లు గుడ్డతో తుడిచి వెళ్లాడు. సోమవారం తప్పకుండా తన షెడ్డుకు తోలుకొస్తానని నేనే చెప్పాను. సోమవారం ఐదో తేదీ. ఆ పిల్లకు ఇంకా వారం టైముంది.

డిసెంబరు 3

కారు కదల్లేదు.

డిసెంబరు 8

ఐదు రోజులు ఈ పుస్తకం ముట్టలేదు. ఈ రోజు రాస్తాను.

శనివారం తెల్లవారింది. జోరున వాన. తిమోతి తడిసి ముద్దయి వచ్చి, "నొప్పులు వస్తా ఉండాయమ్మా" అన్నాడు. నేను సంచీ సర్దుకొని బయటకు వచ్చాను. హాండిలు తిప్పాను. తిమోతి తిప్పాడు. బాషాను పిలిపిస్తే పరుగున వచ్చి తిప్పాడు. యెహోషువ గారు, ముత్యాలయ్య గారు కూడా వచ్చి వానలో తోశారు. గేటు దాటించి రోడ్డు దాకా తోశారు. కారు పలకలేదు. ముత్యాలయ్య గారి పంచె అంతా బురద. ఆ మనిషి ఏడుస్తున్నాడని తర్వాత తెలిసింది. అప్పుడు వాన అనుకున్నాను.

జట్కా కట్టించి స్టేషనుకు తీసుకుపోయాం. నెల్లూరు వెళ్లే ప్యాసింజరు వానకు దారిలో ఎక్కడో ఆగిపోయింది. బాషా లారీ కోసం బజారంతా తిరిగాడు. లారీ దొరికేసరికి పదకొండు దాటింది. అప్పటికి స్టేషను వెయిటింగు రూములో నేను చేయగలిగింది అంతా చేశాను. తల్లిని దక్కించాను. మగబిడ్డ. మంచి బరువు. ఏడవలేదు.

ముప్పై రెండేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిపోయిన బిడ్డలు చాలామంది ఉన్నారు. వాళ్ల విషయంలో దేవుణ్ణి తిట్టాను, అత్తలను తిట్టాను, మంత్రసానులను తిట్టాను. ఈ బిడ్డ విషయంలో తిట్టడానికి మనిషి దొరక్క ఐదు రోజులు ఇల్లంతా తిరిగాను. మైలు దూరంలో కప్పు ఉంది. రెండుసార్లు నాకు చెప్పారు. పక్కింటాయన ముఖం చూడాల్సి వస్తుందని నేను పోలేదు. అంతకు ముందు కమిటీ కప్పు నా చేతికి వచ్చేదే, దాన్నీ నేనే సంచిలో చెయ్యిపెట్టి పోగొట్టాను. నాకు సిగ్గుగా ఉంది. ఇలాంటి మాట ఈ పుస్తకంలో ఇంతవరకు రాయలేదు.

డిసెంబరు 10

యెహోషువ గారు స్వయంగా కాగితం తెచ్చి ఇచ్చారు. షెడ్డుకు అనుమతి. ఏకగ్రీవం. ప్రతిపాదించింది ముత్యాలయ్య గారట. ప్రార్థనలో ఉంచలేదు, పావుగంటలో తేల్చారట. పావుగంట! ఇంత చేతకాని మనుషులకు పావుగంటలో పని చేయడం వచ్చునని నాకు ఇప్పుడా తెలియాలి?

నోటి దాకా వచ్చింది. అనలేదు. ఆయన గుమ్మంలో నిలబడి గొడుగు మూయడం మరచిపోయి, నెత్తి మీద పట్టుకొనే ఉన్నారు. కాగితం తీసుకొని టేబులు మీద పెట్టాను.

డిసెంబరు 11. ఆదివారం

గుడికి వెళ్లాను. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం ఇది. నా చోటు ముందు వరసలో, ముప్పై ఏళ్లుగా ఒకటే చోటు. అక్కడ కూర్చోలేదు. వెనక బల్ల మీద తిమోతి ఒక్కడే ఉన్నాడు, కరుణాకుమారి ఇంకా లేవలేదు. వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. రొట్టె పళ్లెం వెనక బల్ల దాకా రాదు. రాలేదు.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయారు. అతనూ లేవలేదు, నేనూ లేవలేదు.

"ముత్యాలయ్య గారి ఇంటికి ఎందుకు వెళ్లావయ్యా ఆ రోజు?" అన్నాను.

"బతిమాలుకునేదానికమ్మా. కరుణ సంగతి చెప్పి, వొప్పుకోమని. ఆయన వినలేదు. అప్పుడే చీటీలు రెండూ ఒకటే రాద్దామనే బుద్ధి పుట్టింది. దేవుడితో అబద్ధమాడితే ఏమైద్దో నాకు తెలీదు. బిడ్డ దక్కితే చాలనుకున్నా."

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్దామనే వచ్చినానమ్మా. ముందు కొలతలకొచ్చిన రోజు కరుణ సంగతి చెప్దామని ఒకసారి, చీట్లకు ముందు శుక్రవారం ఈ సంగతి చెప్దామని గేటు కాడికి ఒకసారి." తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "చెప్పుంటే నమ్మేవాళ్లా?"

నిష్ఠూరం లేదు. ఎగతాళి లేదు. తెలియక అడుగుతున్నాడు. బిడ్డ పోయిన మనిషి, తాను చెప్పి ఉంటే వాడు బతికేవాడేమో అన్న ఒక్క సంగతి తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

ఎంతమందికి ఎన్ని మాటలు ఎదురు చెప్పాను. ఈ ఒక్కదానికి మాత్రం లేచి వచ్చేశాను. అతను ఇంకా అక్కడే కూర్చొని ఉన్నాడు.

అతనికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. రేపు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి అతనికీ చెప్పాలి, కరుణ వినేట్టు చెప్పాలి.

నమ్మేదాన్ని కాదు.